పావు అంగుళం ఎక్కువైన ఫిల్టరు

నంద్యాలలో మోటారుసైకిలు సామాన్ల అంగడి కౌంటరు వెనక నేను ఇరవై ఆరేళ్ళు నిలబడ్డాను. షావుకారు నా కోసం ఒక స్టూలు వేయించాడు. ఒక్కరోజూ దాని మీద కూర్చోలేదు. కూర్చుంటే గుమాస్తాలా కనబడతానని నా భయం. నిలబడితే ఆ అంగడి మాదే అయినట్టు, వచ్చినవాళ్ళకు నేను సామాను దయచేస్తున్నట్టు ఉండేది. ఆళ్ళగడ్డ దగ్గర మా ఊళ్ళో మా తాతకు పన్నెండు గుర్రాలు ఉండేవి. నేను పుట్టేసరికి గుర్రాలు లేవు. నాకు పెళ్ళయ్యేసరికి పొలం లేదు. మా నాయన పోయేసరికి మేడకు పైకప్పు లేదు. నిటారు వీపు ఒక్కటి మిగిలింది. దాన్ని పట్టుకొని బతికాను.

ఇప్పుడు ఈ పని చేసే పిల్లలు కంప్యూటరులో బండి పేరు కొట్టి, నంబరు చూసి సామాను తీసి ఇస్తున్నారు. మంచిదే. అయినా ఎదుటి మనిషిని అడిగి తెలుసుకోవలసింది ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అది అడగనందుకు, ఎనభైల మొదట్లో ఒక శుక్రవారం, ముగ్గురు మనుషులు నా మూలంగా చావబోయారు. వాళ్ళలో ఒకరికి ఇంకా ఏడాది నిండలేదు.

ముందు ఆ ఫిల్టరు సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఆ రోజుల్లో మా వైపు పెద్ద బండి అంటే డుగుడుగుమని పోయే నాలుగు స్ట్రోకుల మోటారుసైకిలు. దాని ఇంజను పక్కన రెండు వేళ్ళు పట్టేంత గుంత ఉంటుంది. అందులో ఉన్నితో చేసిన గొట్టంలాంటి ఫిల్టరు కూర్చుంటుంది. అడుగున ఒక వాషరు, పైన స్ప్రింగు, ఆపైన మూత. నూనె ఆ ఉన్ని గుండా వడకట్టుకొని లోపలి బేరింగుకు పోతుంది. ఫిల్టరు పొట్టిదైతే నూనె వడకట్టకుండా జారిపోతుంది. ఆ నష్టం తెలియడానికి నెలలు పడుతుంది. పొడుగుదైతే మూత బిగించినప్పుడు ఉన్ని నలిగి మడతపడి, నూనె పోయే రంధ్రానికి అడ్డం వస్తుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు ఏమీ తెలియదు. వేడెక్కాక, వేగం మీద ఉన్నప్పుడు, లోపల బేరింగు ఎండి పట్టేస్తుంది. వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. ఆ సమయంలో వెనక లారీ ఉంటే మనుషులను ఏరుకోవాలి.

పాత సామాను తెచ్చి చూపిస్తేనే కొత్తది ఇవ్వడం అన్ని అంగళ్ళలో ఉన్న పద్ధతి. నేను మాత్రం పాత సామాను అడిగేవాణ్ణి కాదు. బండి పేరు చెప్పగానే, వెనక్కి తిరిగి చూడకుండా చెయ్యి చాపి, అరలోంచి పెట్టె తీసి కౌంటరు మీద పెట్టేవాణ్ణి. అది చూసి పల్లెటూళ్ళవాళ్ళు "అబ్బా" అనుకునేవాళ్ళు. ఆ "అబ్బా" నాకు జీతం కన్నా ఎక్కువ.

ఆళ్ళగడ్డలో బియ్యం మిల్లు పక్కన, రేకుల షెడ్డులో ఒక సాయిబు మెకానిక్కు ఉండేవాడు. నాకన్నా రెండుమూడేళ్ళు పెద్ద. వాళ్ళ తాత మా తాత గుర్రాలను చూసుకునేవాడు. గుర్రాలు పోయినా, మేడ కూలినా, అతను నన్ను "దొరా" అనే పిలిచేవాడు. ఆ పిలుపుతో పిలిచే మనిషి నాకు ఈ భూమ్మీద అతనొక్కడే మిగిలాడు. సామాన్లన్నీ మా అంగట్లోనే తీసుకునేవాడు. తన దగ్గరికి వచ్చే బండ్లవాళ్ళను కూడా "దొర కాడికి పోండి" అని పంపేవాడు.

నేను చెప్పబోయే శుక్రవారానికి ఏడాది ముందు, అతను ఒకరోజు అంగడికి వచ్చాడు. కౌంటరు ముందు నలుగురైదుగురు ఉన్నారు. జేబులోంచి నేను అంతకుముందు ఇచ్చిన ఫిల్టరును, దానితోపాటు ఒక చీపురు పుల్లను తీసి నా ముందు పెట్టాడు.

"దొరా, ఈ పుల్ల సూడండి. బండి గుంతలో పెట్టి అంచు కాడికి ఇరిసినా. లోతు ఇంతే. సామాను పొడుగైతాంది."

పాత ఫిల్టరు వాడకంలో అణిగి పొట్టిదవుతుంది కాబట్టి, దాని పక్కన కొత్తది పెట్టి చూడడం కన్నా గుంత లోతు కొలవడమే నిజమైన కొలత. అతను చేసింది సరైన పని. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు మాత్రం ఆ నలుగురి ముఖాలు చూశాను.

"చీపురు పుల్లలు పెట్టేదానికి ఇది కౌంటరనుకున్యావా, కసువు దిబ్బనుకున్యావా?" అన్నాను. "మదరాసు నుంచి సీలేసి వచ్చిన సామానుకు నువ్వు పుల్లతో కొలతలు చెప్తావా? బిగిచ్చేది చేతకాకపోతే చెప్పు, బండ్లవాళ్ళు ఇంకొక మెకానిక్కును చూసుకుంటారు."

ఉన్నవాళ్ళు నవ్వారు. అతను పుల్లను తీసుకున్నాడు. ఫిల్టరునూ తీసుకున్నాడు. "సరే దొరా" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతను ఏ సామానూ తిరిగి తేలేదు. నా మాట పనిచేసిందని సంతోషించాను.

ఇక ఆ గురువారం. సాయంత్రం నాలుగు గంటలకు కోర్టు నుంచి నేరుగా ఒక టీచరు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆళ్ళగడ్డ పక్క పల్లెలో బడి. చర్చి మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆ ఊళ్ళో రెండు వర్గాలుండేవి. బడి ముందే ఒకణ్ణి కొట్టి పడేస్తే ఈయన చూశాడు. చూసినది చూసినట్టు చెబుతానని సాక్షిగా పేరు రాయించాడు. మా వైపు అలా పేరు రాయించిన మనిషి ఆ తర్వాత రోడ్డు మీద ఎలా నడుస్తాడో చెప్పనక్కరలేదు. కౌంటరు ముందు నిలబడి రెండుసార్లు వెనక్కి తిరిగి వీధి చూశాడు.

"అన్నా, పెద్ద బండికి ఆయిల్ ఫిల్టరు గావాల. రేపు మధ్యాహ్నం మా ఇంటామెను, బిడ్డను గిద్దలూరిలో మా అత్తగారింట్లో ఇడిచిపెట్టి రావాల. ఘాటు రోడ్డు. బండి నడుమ ఆగిపోతే కష్టం. పాతది తేలే, కోర్టు నుంచి ఇట్లే వస్తి."

"పాతదెందుకు?" అన్నాను. చెయ్యి చాపి పెట్టె తీశాను.

"ఇది సరిపోతాదా? మాది వేలంలో కొన్న బండి."

ఆ మాటకు నేను ఆగాలి. వేలం బండి అంటే సర్కారు వాడి అమ్మేసిన పాత బండి. ఏ కాలంది అని అడగాలి. అడగలేదు. "నేనిస్తాండా గదా. పో" అన్నాను. ఆయన ముఖంలో భారం దిగిపోవడం చూశాను. నన్ను నమ్మాడు.

శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు మదరాసు నుంచి పార్సిలు వచ్చింది. నేనే విప్పాను. ఫిల్టర్ల కట్ట మీద ఈసారి ఒక అచ్చు కాగితం అంటించి ఉంది. ఇది కొత్త బండ్లకు తయారుచేసిన ఫిల్టరనీ, పాత బండ్లకు పొట్టిది వేరుగా ఉందనీ, ఒకదాని బదులు ఒకటి వాడకూడదనీ దాని సారాంశం. అరలోంచి పాత పెట్టెలన్నీ తీసి విప్పాను. రెండు రకాలూ కలిసిపోయి ఉన్నాయి. చూపుకు ఒక్కటే. స్కేలు పెట్టి చూస్తే పావు అంగుళం తేడా. నా చేతికి దగ్గరగా, ముందు వరసలో ఉన్నవన్నీ పొడుగువే. ఏడాదిగా అడిగినవాళ్ళందరికీ వెనక్కి చూడకుండా తీసి ఇచ్చింది వాటినే.

చీపురు పుల్ల అప్పుడు గుర్తుకొచ్చింది. 

టీచరు బండి ఆళ్ళగడ్డ షెడ్డుకే పోయి ఉంటుంది. దాని పక్కనున్న మిల్లుకు ట్రంకు కాల్ చెప్పాను. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో షావుకారు రెండుసార్లు అడిగాడు, "ఏందప్పా, ఫోను కాడే తిరుగుతాండావ్?" అని. "పనుంది" అన్నాను. తప్పు సామాను ఇచ్చాను అనే మూడు ముక్కలు ఆయనకు చెప్పలేదు. ఒంటిగంట దాటాక లైను కలిసింది. మిల్లు గుమాస్తా షెడ్డుకు పోయి, మెకానిక్కు బావమరిదిని పిలుచుకొచ్చాడు. అతను ఆ షెడ్డులో చేరి నెల రోజులే అయింది.

"మీ బావ యాడ?" అన్నాను.

"నంద్యాలకే వచ్చినాడు దొరా. మా అక్క కూతురికి ఆడ ఆస్పత్రిలో కాన్పైంది. స్టేషను కాడ మసీదులో నమాజు చేసుకొని వస్తానన్న్యాడు."

"టీచరు బండికి ఫిల్టరు ఎవరు వేసినారు?"

"నేనే ఏసినా. కొంచెం బిగువుగా ఉండ్యా. మూత ఎగదన్నుతాండ్యా. పెద్ద పానా ఏసి తిప్పితే కూచుంది." గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"బండి ఇప్పుడు యాడుంది?"

"యాడుండేదేంది? ఇప్పుడే పోయిరి. ఆయమ్మ, బిడ్డ, ఒక ట్రంకు పెట్టె. ఈ గుమాస్తా నన్ను పిలవనీకి వచ్చినప్పుడే రోడ్డెక్కిరి."

గిద్దలూరు పోవాలంటే నంద్యాల మీదుగానే రావాలి. అంటే వాళ్ళు మా వైపే వస్తున్నారు. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు నలభై కిలోమీటర్ల పైన. ఇంజను వేడెక్కడానికి అంత దూరం అక్కరలేదు.

నేను కౌంటరు తలుపు తోసుకొని బయటికి నడిచాను. "కౌంటరు ఇడిచి యాడికిప్పా?" అని షావుకారు అరుస్తున్నాడు. మోటారుసైకిళ్ళ సామాను అమ్మిన నాకు మోటారుసైకిలు నడపడం రాదు. నేర్పమని ఒకరిని అడగాలి కదా, అందుకని నేర్చుకోలేదు.

మసీదు ముందు చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల అందరూ వరసల్లో వంగుతున్నారు. గేటు దగ్గర కూర్చున్న ముసలాయనను అడిగాను, ఒక మనిషిని బయటికి పిలవాలి, ప్రాణం మీదికొచ్చిన పని అని.

"నమాజులో ఉండారు నాయనా. ఎట్ల పిలిచేది? ఐదు నిమిషాలు నిలబడు."

నిలబడ్డాను. నా బతుకంతా నిలబడ్డదే, కానీ ఆ ఐదు నిమిషాలు వేరు. బండి శిరివెళ్ళ దగ్గరికి వచ్చి ఉంటుందా అని లెక్క వేస్తున్నాను. ఆ బిడ్డ ముందు ట్యాంకు మీద కూర్చుందా, తల్లి ఒళ్ళో ఉందా అని ఆలోచిస్తున్నాను. 

అతను బయటికి వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. "దొరా! మీరు ఈడ..."

"నిన్న టీచరుకు ఇచ్చిన ఫిల్టరు," అన్నాను.

"పొడుగుదేనా?"

నేనింకా చెప్పలేదు. "నీకెట్ల తెలుసు?"

"మీరు పంపించేవన్నీ పొడుగువే గదా దొరా. ఏడాది నుంచి కింద లావు వాషరు తీసేసి, పల్చంది కోసి ఏస్తాండా."

"నాకెందుకు చెప్పలేదు?"

అతను చెప్పులు వెతుక్కుంటూ అటు తిరిగాడు. "ఒకసారి చెప్తి గదా."

ఏడాది పొడుగునా నా తప్పులను నలుగురికీ తెలియకుండా, నాకు కూడా తెలియకుండా, ఈ మనిషి ఆళ్ళగడ్డలో దిద్దుతూ వచ్చాడు. దొర మాట పోకూడదని. ఆ మర్యాదే ఇప్పుడు ఆ ముగ్గురి మీదికి వచ్చింది, ఎందుకంటే వాషరు సంగతి అతను బావమరిదికి కూడా చెప్పలేదు.

"మీవోడు వాషరు మార్చలేదు. పెద్ద పానాతో బిగిచ్చినాడంట. బండి బయలుదేరింది," అన్నాను.

అతను చెప్పుల సంగతి వదిలేశాడు. పరుగెత్తి తన బండి తీశాడు. అది చిన్నది, రెండు స్ట్రోకులది. నేను వెనక ఎక్కాను. మా గుర్రాలు చూసినవాడి మనవడి వెనక కూర్చోవడం అదే మొదలు. అతని భుజం పట్టుకోకుండా సీటు కింది కమ్మీ పట్టుకున్నాను. ఊరు దాటి మొదటి గుంతలో బండి ఎగిరిపడేసరికి రెండు చేతులా అతని నడుము పట్టుకున్నాను. తర్వాత వదలలేదు.

"ఎంత దూరం పోతుంది అది?" గాలికి అరిచాను.

"నిదానంగా వస్తే ఈడిదాకా వస్తాది దొరా. బిరిక్కన వస్తే మధ్యలోనే పట్టేస్తాది. ఆయప్ప నిదానస్తుడే."

నాపరాళ్ళ లారీలు ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తున్నాయి. రెండు పక్కలా నల్లరేగడి, కోసిన జొన్నచేలు. ఎదురొచ్చే ప్రతి బండినీ చూస్తున్నాను. రోడ్డు పక్కన ఎక్కడైనా జనం గుమిగూడి ఉన్నారా అని కూడా చూస్తున్నాను. అయ్యలూరు మెట్ట దాటి మూడు కిలోమీటర్లు పోయాక, ఒక లారీని దాటుకొని పెద్ద బండి కనిపించింది. వెనక ట్రంకు పెట్టె కట్టి ఉంది. టీచరు, ఆయన వెనక భార్య, ఇద్దరి నడుమ గుడ్డలో చుట్టిన బిడ్డ.

ఇద్దరమూ చేతులు ఊపాం. "ఆపు! ఆపు!" అని నేను గొంతు చించుకున్నాను.

టీచరు మమ్మల్ని చూశాడు. నేను అనుకున్నది జరగలేదు. ఆయన ముఖం గట్టిపడింది, తల కిందికి వంచి వేగం పెంచి మమ్మల్ని దాటిపోయాడు. 

మెకానిక్కు బండి తిప్పి వెంటపడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి చూసి, కొంగు తీసి బిడ్డ తల మీద కప్పింది. పెద్ద బండి ఇంకా వేగం అందుకుంది. మాకు అప్పుడు అర్థమైంది. ఆ వేగంలో ఆయనకు మా ముఖాలు ఆనలేదు. కోర్టులో పేరు రాయించిన మనిషి కళ్ళకు మేము ఎవరం? బండి మీద అరుస్తూ, చేతులు ఊపుతూ తరుముకొస్తున్న ఇద్దరం. మా వైపు అలా వచ్చినవాళ్ళు మంచికి వచ్చిన దాఖలా లేదు.

దగ్గరైనప్పుడు ఆ ఇంజను చప్పుడు వినిపించింది. డుగుడుగు వెనక మరొక చప్పుడు, పొడిగా, ఇనుము మీద ఇనుము కొట్టినట్టు.

"ఇన్నారా దొరా? ఎండిపోతాంది," అన్నాడు. అని, నేను ఊహించని పని చేశాడు. బ్రేకు వేసి బండి ఆపేశాడు.

"ఎందుకు ఆపినావు?"

"తరిమేకొద్దీ పోతాడు దొరా. మనమే సంపుతాండాం. దిగండి."

"దిగి?"

"నడి రోడ్డులో నిలబడి చేతులు పైకెత్తి మొక్కండి. కత్తి పట్టుకొచ్చినోడు మొక్కడు. ఆయమ్మ వెనక్కి సూస్తాంది, కనపడతాది."

"నువ్వు మొక్కరాదా?"

"ఈ నల్ల చొక్కాలో నేను ఎవురికి కనపడతా? మీరు తెల్లగా ఉండారు."

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల పంచ. రోజూ వేసుకునేవాణ్ణి. దేవుడి ముందు కూడా నేను చేతులు ఛాతీ దగ్గరే కలిపేవాణ్ణి, అంతకు మించి ఎత్తేవాణ్ణి కాదు. మా తాత కాలంలో ఆ టీచరు పుట్టిన ఊరవతల పేట మనుషులు మా మేడ ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచేవారు. నేను నడి రోడ్డులోకి పోయి, రెండు చేతులూ తల మీదికి ఎత్తి జోడించాను. వెనకనుంచి లారీవాడు హారను కొట్టి తిడుతూ పక్కనుంచి పోయాడు. నేను దించలేదు. బండి చిన్నదవుతూ పోతోంది. ఆగలేదు. ఇంకా చిన్నదైంది. నేను నడుము వంచాను. వంగి, అలాగే చేతులెత్తి, రోడ్డు మీద మొక్కుతూ నిలబడ్డాను.

దూరంగా, బండి వేగం తగ్గింది.

తగ్గుతూ ఉండగానే కీచుమని చప్పుడొచ్చింది. వెనక చక్రం పట్టేసింది. బండి అటూ ఇటూ ఊగి, రోడ్డు పక్క మట్టిలోకి జారి ఒరిగిపోయింది. దుమ్ము లేచింది.

పంచ ఎగగట్టి పరుగెత్తాను. టీచరు కాలు బండి కింద ఉంది, మెకానిక్కు బండిని లేపి లాగాడు. కాలు బాగానే ఉంది. ఆమె మట్టిలో కూలబడి ఉంది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. బిడ్డను ఒళ్ళో అదుముకుంది. బిడ్డకు చప్పుడు లేదు. మేమంతా ఆ గుడ్డమూట వైపే చూస్తున్నాం. ఒకటి, రెండు, మూడు క్షణాలు. ఆ తర్వాత బిడ్డ నోరంతా తెరిచి ఏడ్చింది. నేనూ మట్టిలో కూర్చున్నాను.

"ఎవురప్పా మీరు? ఎందుకు తరుముతాండారు?" అంది ఆమె.

టీచరు నన్ను గుర్తుపట్టాడు. "ఫిల్టరు ఇచ్చిన అన్న," అన్నాడు, ఏమీ అర్థంకాక.

నేను నోరు తెరిచేలోపల మెకానిక్కు చేతులు కట్టుకొని ముందుకొచ్చాడు. "తప్పైపోయింది సారూ. మా బావమరిది కొత్తోడు, సరిగ్గా ఎక్కిచ్చలే. ఫిల్టరు మంచిదే. దొరకు తెలిసి, పాపం ఆయప్పే పరిగెత్తుకొచ్చినాడు."

నేను ఒక్క క్షణం ఊరుకున్నాను. ఆ క్షణాన్ని రాయకుండా వదిలేయొచ్చు. కానీ ఆ మాటను అలా పోనిస్తే ఎంత హాయిగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది, అందుకే రాస్తున్నాను. కాపాడడానికి పరుగెత్తుకొచ్చిన దొరగా ఆళ్ళగడ్డ అంతా చెప్పుకుంటుంది. ఆ బావమరిది పని పోతుంది, అంతే.

"కాదు," అన్నాను. "ఫిల్టరే తప్పు. అది కొత్త బండ్లకు పనికొచ్చేది. ఇచ్చింది నేను. నువ్వు వేలం బండి అని చెప్పినావు. ఏ కాలందని నేను అడగలేదు."

మెకానిక్కు తల దించుకున్నాడు. ఆమె నావైపు తేరిపార చూసింది.

"అడిగితే ఏం, నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అంది. "మమ్మల్ని సంపనీకి వస్తాండారని బిడ్డను కప్పుకుంటి. ఆయనేమో ఎనక్కి సూడొద్దంటాడు. ఎవురో మొక్కుతాండాడు, ఆపు, ఆపు అని ఈపు మీద గుద్దితే గానీ ఆపలే."

"తప్పు నాది తల్లీ," అన్నాను. 

మెకానిక్కు మూత విప్పి ఫిల్టరు బయటికి తీశాడు. ఉన్ని అడుగున ముద్దలా మడతపడి, రంధ్రం ఆకారం దాని మీద అచ్చు పడి ఉంది. టీచరు దాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు.  ఆమె అన్న మాటలకన్నా ఆ చూపు బరువుగా ఉంది.

వాళ్ళు వెనక్కి పోలేరు. పొద్దుండగానే ఘాటు దాటాలి. మెకానిక్కు తన బండి తాళం టీచరు చేతిలో పెట్టాడు. "ఇది తీసుకపోండి సారూ. వచ్చేటప్పుడు తెస్తురు. మీ బండి నేను చేసి పెడతా. కర్చు మాట ఎత్తొద్దండి."

ఆమె ఆ చిన్న బండిని పైనుంచి కిందిదాకా చూసింది. "దీనికి ఫిల్టరు ఈయప్పే ఇచ్చినాడా?"

"దీనికి ఫిల్టరే ఉండదమ్మా."

టీచరుకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. ట్రంకు పెట్టె విప్పి చిన్న బండికి కట్టాం. మోచేతికి కొంగు చింపి కట్టుకొని, బిడ్డను ఎత్తుకొని బండెక్కింది. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగింది. నేను అనుకోకుండానే మళ్ళీ చేతులు జోడించాను. ఈసారి ఎవరూ చెప్పలేదు.

మిగిలింది మేమిద్దరం, పట్టేసిన పెద్ద బండి. అయ్యలూరు మెట్ట దాకా తోసుకుపోతే అక్కడ ట్రాక్టరు దొరుకుతుందన్నాడు. న్యూట్రలులో వేసి హ్యాండిలు పట్టుకున్నాడు. నేను వెనక చెయ్యి వేశాను.

"మీరు వదలండి దొరా. ఎవురన్నా సూస్తే బాగుండదు."

"నువ్వు ముందుకు చూసి నడువు."

కొంత దూరం పోయాక ఒక లారీ ఆగింది. డ్రైవరు మా అంగడికి వచ్చేవాడే. నన్ను ఆ వేషంలో, మట్టి కొట్టుకుపోయిన పంచతో, బండి తోస్తూ చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఏమాయప్పా?" అన్నాడు.

మెకానిక్కు "ఏం లే, బండి..." అని మొదలుపెట్టాడు.

"తప్పు ఫిల్టరు ఇచ్చినాను," అన్నాను. "ముగ్గురు సచ్చేవాళ్ళు."

లారీవాడు గేరు వేసుకొని పోయాడు. ఆ తర్వాత ఎడ్లబండి వాడు అడిగాడు. అతనికీ చెప్పాను. మెట్ట దగ్గర టీ అంగడివాడు అడిగాడు. అతనికి కాస్త వివరంగా, పావు అంగుళం సంగతితో సహా చెప్పాను. బావి దగ్గర నీళ్ళు తోడుకుంటున్న ఒక ముసలామె మా వైపు ఊరికే చూసింది. ఆమెకు కూడా మొదలుపెట్టాను.

మెకానిక్కు హ్యాండిలు మీదనుంచి తల తిప్పాడు. చెమటలో తడిసిన ఆ ముఖంలో నవ్వు ఆపుకుంటున్నట్టు తెలిసింది.

"అడగనోళ్ళకు గూడా చెప్తాండారు దొరా. ఇంగ చాలు. నూకండి."